తోలు మీద రంగు, సున్నం మీద రంగు

ఎవరి పేరున ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో, ఆ మాస్టారు హిందూపురం పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పినవారు. అందుకే బొమ్మల అందాన్ని పక్కనపెట్టి, వాటి వెనకున్న పని గురించి మాట్లాడతాను.

మధ్యయుగపు ఐరోపాలో పుస్తకాలకు బొమ్మలు వేసింది ఎక్కువగా దూడ, గొర్రె, మేక తోళ్ల మీదే. తోలును సున్నపునీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, చట్రానికి బిగించి, వంపు కత్తితో గీకి ఆరబెట్టేవారు. మేలైన నీలానికి అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నీలిరాయి కావాల్సి వచ్చేది. రంగు పట్టడానికి గుడ్డు తెల్లసొన, చెట్ల బంక వాడేవారు. బంగారు రేకు అతికించి మెరుగుపెట్టాకే రంగులు మొదలయ్యేవి. ముందే రంగు వేస్తే రేకు దానికీ అంటుకునేది.

మన పుస్తకం తాటాకు. గంటంతో గీరి మసి పూస్తే అక్షరం తేలుతుంది. సన్నని ఆకు మీద రంగుల బొమ్మకు చోటేది? మన చిత్రకారుడికి ఆ చోటు గుడి పైకప్పు మీద దొరికింది.

విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ అధికారి విరుపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయాన్ని చూడండి. రాతి మీద సున్నపు పూత, దాని మీద జాజు, పసుపుమట్టి, ఆకుపచ్చ, మసి నలుపు, సున్నపు తెలుపు. నీలం దాదాపు కనిపించదు. దీన్ని పేదరికమని నేననుకోను. మట్టిరంగులు సున్నాన్ని తట్టుకుంటాయి, ఎండకు వెలవవు. ఆ తెలివితోనే చీరల అంచులు, పొడుగు కుళ్లాయిలు నేటికీ గుర్తుపట్టేలా నిలిచాయి. ధర్మవరం నేతగాళ్లు ఆ అంచుల్లోంచి కూడా నమూనాలు తీసుకుంటున్నారు.

తోలు మనకూ కొత్త కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 12వ శతాబ్దపు ‘మానసోల్లాసం’ గేదెతోలు ఉడికించి తీసే వజ్రలేపం అనే జిగురు గురించీ, దూడచెవి వెంట్రుకల కుంచె గురించీ చెబుతుంది. తోలు మీదే బొమ్మ వేసే పని నేటికీ ధర్మవరం మండలం నిమ్మలకుంటలో బతికుంది. అక్కడ మేకతోలును నానబెట్టి, గీకి, వెలుగు దూరేంత పల్చన చేస్తారు. గీతలు గీసి, ఉలితో చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగు వేస్తారు. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం వెలగగానే ఆ చిల్లులే హారాలై, కిరీటాలై మెరుస్తాయి. ఐరోపావాడు బంగారు రేకుతో తెచ్చిన మెరుపును నిమ్మలకుంట కళాకారుడు ఉలితో తెచ్చాడు. నా దృష్టిలో ఇదే గొప్ప పని. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

సన్మానాలు మంచివే, కానీ అవి పనిని రాసిపెట్టవు. తోలు ఎంతసేపు నానాలి, ఏ ఉలి ఎక్కడ వాడాలి, దీపానికి ఏ రంగు నిలుస్తుంది అన్నవి పెద్దల చేతుల్లోనే ఉన్నాయి. నిర్వాహకులకు నా మనవి ఒక్కటే. ఈ స్మారకోపన్యాస నిధి నుంచి ఏటా ఒక విద్యార్థిని నిమ్మలకుంటకు పంపండి. ఆ పనిని అక్కడి పెద్దల మాటల్లోనే రాయించి, వచ్చే ఏడాది పుస్తకంగా అచ్చువేయండి.