దిద్దుట వేరు, చెరపుట వేరు

అమీన్‌పూరు నుండి పటాన్‌చెరు పరిసరములలోని మందుల కర్మాగారములకు పనికి పోవువారికి ఒక నియమము సుపరిచితము. బ్యాచి రికార్డులో అంకె తప్పుగా పడినచో దానిని చెరపరాదు; వైట్‌నరు పూయరాదు. పాత అంకె కనబడునట్లు దానిపై ఒకే గీత గీచి, ప్రక్కన సరియైనది వ్రాసి, కారణము, తేదీ, సంతకము చేర్చవలెను. ఇది తప్పు చేసినవానిని అవమానించుటకు గాదు. ఆ మందు మింగబోవు రోగి కొరకు. రేపు చిక్కు వచ్చినచో ఏ అంకె ఎప్పుడు, ఎందుకు మారినదో తెలియవలెను గదా!

మన తాళపత్ర లేఖకులలో పలువురు ఇట్టి నియమమును పాటింపలేదు. తమకు అర్థముగాని పదమును తామే మార్చి వ్రాసిరి. ఏది మూలమో, ఏది దిద్దుబాటో తరువాతివారికి తెలియకుండ బోయెను. కనుకనే చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1829లో వేమన పద్యములను ప్రచురించుటకు ముందు పెక్కు ప్రతులను సేకరించి, పండితుల సాయముతో సరిపోల్చవలసి వచ్చెను. పాఠాంతరములను చూపు పరిష్కర్తను మనము గౌరవించుచున్నాము. చూపక మార్చిన లేఖకుని వలన నేటికిని చిక్కుపడుచున్నాము.

నేడు కంప్యూటరు సాధనములను గూర్చిన వివరణ గ్రంథములను దేశదేశములవారు కలిసి వ్రాయుచున్నారు. ఒకరినొకరు ఎన్నడును చూడనివారు ఒకే గ్రంథమును దిద్దునపుడు అది చెడిపోకుండ కాపాడునది యేది? పాఠాంతరములను భద్రపరచు పద్ధతియే. ఇట్టి సాధనములలో ప్రసిద్ధమైనది గిట్. లినక్స్ కర్తయైన లినస్ టోర్వాల్డ్స్ దీనిని 2005 ఏప్రిలులో నిర్మించెను. ప్రతి మార్పుతోను మార్చినవారి పేరు, తేదీ, కారణము ఇందు నమోదగును. ప్రతి నమోదుకును ఒక గుర్తు కలదు. దానిలోని విషయమును, ముందరి నమోదు గుర్తును కలిపి లెక్కకట్టగా ఆ గుర్తు ఏర్పడును. కావున పాతదానిని ఎవరైన రహస్యముగా మార్చినచో తరువాతి గుర్తులన్నియు మారిపోవును. ఇతరుల వద్దనున్న ప్రతులతో పొంతన కుదరదు.

గ్రంథములో దోషము కంటబడినచో చేయవలసిన పని ఇది. మొదట పూర్తి ప్రతిని, దాని చరిత్రతో సహా, మన కంప్యూటరులోనికి తెచ్చుకొనవలెను. దీనిని క్లోన్ చేయుట యందురు. అసలు పాఠమును ముట్టక వేరొక బ్రాంచి తెరచి అందు దిద్దవలెను. ఏమి మార్చితిమో, ఎందుకు మార్చితిమో ఒకటి రెండు వాక్యములలో వ్రాసి కమిట్ చేయవలెను. పిమ్మట గ్రంథ నిర్వాహకులకు విన్నవించుకొనవలెను. వారు పాత పంక్తిని, క్రొత్త పంక్తిని పోల్చి చూచి, సందేహమున్న ప్రశ్నించి, సమ్మతించినచో మూలములో కలుపుదురు. ఒక విన్నపములో ఒకే దిద్దుబాటు ఉండుట మేలు. పదింటిని ఒకే మూటగా కట్టినచో, సందేహాస్పదమైన ఒక్కదాని కొరకు సరియైన తొమ్మిదియు ఆగిపోవును.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మరియొక రీతిని ఈ ధర్మమునే పాటించుచున్నది. అందు ప్రతి పుట వెనుకను దాని చరిత్ర కలదు. అమీన్‌పూరునే తీసికొందము. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరుగువరకు ఈ ఊరు మెదక్ జిల్లాలోనిది. పిమ్మట సంగారెడ్డి జిల్లాలోనిది. అంతకు ముందు ‘మెదక్ జిల్లా’ అని వ్రాసినవారు తప్పు వ్రాయలేదు. ఆనాటికి అదియే సత్యము. ఆ మాటను ఆనవాలు లేకుండ చెరపివేసినచో, పాత దస్తావేజు పట్టుకొని వచ్చిన రైతు అబద్ధమాడుచున్నట్లు తోచును. మార్పు జరిగిన తీరు నిలిచియున్నచో అతని కాగితమునకు అర్థము నిలుచును.

పెద్దలు వ్రాసినదానిలో దోషము చూపుట అవిధేయత యని మన పిల్లలలో ఒక జంకు కలదు. ఈ పద్ధతి ఆ జంకును తీర్చగలదు. మన దిద్దుబాటే తప్పైనచో వెనుకకు మరలవచ్చును, మూలము చెడదు. ఒక్క దశాంశ బిందువును దిద్దినవారి పేరును, ఒక అధ్యాయము వ్రాసినవారి పేరును ఆ చరిత్రలో ఒకే రీతిని నిలుచును.

మేము చెప్పదలచినది ఇంతే. తప్పు కనబడినపుడు గొణుగుకొని పుట త్రిప్పుట సులభము. కాని మన వెనుక వచ్చువాడు అదే పంక్తి వద్ద మరల ఒక పూట పోగొట్టుకొనును. అతనిని తలచుకొని, పాతది కనబడునట్లు గీత గీచి, సరియైనది వ్రాసి, క్రింద సంతకము చేయుదము.