మెదడులో రక్తస్రావం – పడిపోయిన తరువాతి గంటలు
(జహీరాబాద్‌లో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, ఫైళ్లు రాసి రిటైరయిన గుమాస్తాను. అయినా ఈ విషయం ఎత్తుకున్నానంటే, మనలో బి.పి. మాత్ర లేని ఇల్లు తక్కువ గనుక.

పక్షవాతం రెండు రకాలు. మెదడుకు పోయే నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడడం ఒకటి, నాళం చిట్లి లోపల రక్తం కారడం రెండోది. మొదటిది ఎక్కువ మందికి వస్తుంది, రెండోది ఎక్కువ ప్రాణాంతకం. నరం చిట్లింది, కారవలసింది కారిపోయింది, ఇక దైవాధీనం అనుకుంటారు మనవాళ్లు. అది సరికాదు. 1997లో అమెరికాలోని సిన్సినాటి వైద్యులు ఇటువంటి 103 మందికి జబ్బు మొదలైన మూడు గంటలలోపు స్కాన్ తీసి, గంటకు మళ్లీ తీశారు. నూటికి 26 మందిలో ఆ ఒక్క గంటలోనే రక్తస్రావం బాగా పెరిగింది. 20 గంటలలోపు నూటికి మరో 12 మందిలో పెరిగింది. అంటే రోగి మన ఎదుట మంచం మీద ఉన్నప్పుడు కూడా లోపల కారుతూ ఉండవచ్చు.

ఎవరిలో పెరుగుతుంది? మొదటి స్కాన్‌లోనే ఎక్కువ రక్తం కనిపించిన వారిలో, బి.పి. దిగని వారిలో పెరిగే అవకాశం హెచ్చు. అన్నిటికన్నా నేను చెప్పదలచినది రక్తం పలచబడడానికి మందులు వాడేవారి సంగతి. గుండె కవాటం మార్చినవారికి, గుండె లయ తప్పినవారికి అసిట్రోమ్, వార్ఫరిన్ వంటివి ఇస్తారు. వారికి రక్తం ఆగడానికి చాలాసేపు పడుతుంది. కొందరిలో మరునాడు కూడా కారుతుంది. విటమిన్ కె ఇంజెక్షన్, రక్తం గడ్డకట్టించే పదార్థాలు ఎక్కించి ఆపే ప్రయత్నం చేస్తారు. కొత్త మందులకు విరుగుడు వేరు. పేరు తెలియనిదే ఏది ఎక్కించాలి?

మన మిత్రుడొకరికి ఇదే జరిగింది. ఏం మాత్రలు వేసుకుంటారని డాక్టరు అడిగితే కొడుకు "గుండెవి, తెల్లవి" అన్నాడు. ఇంటికి ఫోను చేస్తే వదినగారికి ఇంగ్లీషు రాదు. మనవరాలు బడి నుంచి వచ్చి స్ట్రిప్పు మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివి చెప్పింది. అప్పటికి రెండు గంటలు గడిచాయి. ఆయన మనకు దక్కలేదు. ఆలస్యం వల్లనే పోయాడని నేననను. కానీ ఆ రెండు గంటలు నన్ను ఇప్పటికీ వదలవు.

మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా, ఎన్నడూ లేనంత తలనొప్పితో వాంతులైనా ఆస్పిరిన్ మింగించకండి. గుండెనొప్పికి మంచిదే కావచ్చు, ఇక్కడ స్కాన్ తీయనిదే అడ్డుపడిందో చిట్లిందో డాక్టరైనా చెప్పలేడు. నాలుక కింద బి.పి. మాత్ర పెట్టడం, కాఫీ పోయడం, పసరు మందుకు తీసుకుపోవడం వద్దు. మింగలేని మనిషికి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బి.పి.ని ఆసుపత్రిలో ఇంజెక్షన్‌తో, కొలుస్తూ దించుతారు. మన దేశంతో సహా పది దేశాల్లో 7,036 మంది రోగులపై జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. పై బి.పి.ని గంటలో 140 లోపుకు తెచ్చి, షుగరు, జ్వరం అదుపులో పెట్టి, పలచన మందుకు విరుగుడు ఇస్తే ఎక్కువ మంది కోలుకున్నారని అందులో తేలింది.

బీదర్ పోవాలా, హైదరాబాదు పోవాలా అని మన ఊళ్లో వాకిట్లోనే పంచాయితీ పెడతారు. బీదర్ దగ్గర, హైదరాబాదు నూరు కిలోమీటర్లు. 108కి ఫోను చేస్తూనే, ఈ వేళప్పుడు సి.టి. స్కాన్ ఎక్కడ పనిచేస్తున్నదో మరొకరు కనుక్కోవాలి.

ఇంకొక మాట. ఇది విని రేపటి నుంచి ఆస్పిరిన్, అసిట్రోమ్ మానేసేరు! డాక్టరు చెప్పక మానేస్తే గడ్డ అడ్డుపడే పక్షవాతం రావచ్చు. అసిట్రోమ్ వాడేవారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. నొప్పి మాత్రలు షాపులో అడిగి కొని కలపకూడదు.

లైఫ్ సర్టిఫికేట్ మనం ఏ ఏడూ మరువం. అంత శ్రద్ధగానే ఒక చీటీ రాసి చొక్కా జేబులో ఒకటి, ఇంట్లో తలుపు వెనక ఒకటి ఉంచండి. మందు పేరు, ఎంత మోతాదు, చివరి మాత్ర ఎప్పుడు, ఐ.ఎన్.ఆర్. ఎంత. రాయడం కుదరకపోతే ఖాళీ స్ట్రిప్పులే సంచిలో వేసుకుపోవచ్చు.