చంకలో బిడ్డ, ఒడిలో అద్దాల పని, చేతిలో పుస్తకం



నేను గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌ని. "మన కళ గురించి నాలుగు మాటలు చెప్పండి మేడం" అని సంఘం వాళ్లు అడిగారు. అద్దాల కుట్టు గురించి చెబుతాను. ఆ కుట్టు తెలిసిన అమ్మాయి చదువుకుంటూ, చంటిబిడ్డను కూడా సాకుతుంటే మనం ఏం చేయాలో అది కూడా చెబుతాను.

మన కాంచళి మీద, ఫేటియా మీద మెరిసే అద్దాన్ని అందరూ చూస్తారు. అది బట్ట మీద ఎలా నిలిచిందో చాలామందికి తెలియదు. గాజుకు రంధ్రం ఉండదు. అద్దం మీదుగా రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా బిగిస్తాం. వాటి మీద మరో నాలుగు ఏటవాలుగా వేస్తాం. తర్వాత ఆ దారాలను అంచుకు లాగుతూ చుట్టూ కాజా కుట్టు వేస్తాం. గాజును పట్టి ఉంచేది చుట్టూ ఉన్న దారమే.

పాతకాలపు అద్దాలు ఊదిన గాజువి. గుజరాత్‌లోని కపడ్‌వంజ్ వీటికి పేరున్న ఊరు. కరిగిన గాజును పెద్ద బుడగలా ఊది, లోపల పూత పట్టించి, పగలగొట్టి ముక్కలు చేస్తారు. అందుకే ఆ అద్దం కొంచెం వంపుగా ఉంటుంది. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికేవి చదునువి.

నేను బీఎడ్ చదివేటప్పుడు నా కూతురికి ఏడాదిన్నర. పగలు కాలేజీ, రాత్రి లెసన్ ప్లాన్లు. మధ్యలో యాడి నేర్పిన ఈ కుట్టు. సంచులకు, దిండు గలీబులకు అద్దాలు కుట్టి ఇచ్చేదాన్ని. బస్ పాసు, రికార్డు పుస్తకాల ఖర్చు అందులోనే వెళ్లేది. ఒక్కో అద్దానికి అయిదారు నిమిషాలు పట్టేది. బిడ్డ లేస్తే సూది అక్కడే ఆపి లేవొచ్చు. చదువును కూడా అలాగే చిన్న ముక్కలు చేసుకున్నాను. ఒక ప్రశ్న, ఒక అద్దం, మళ్లీ ఒక ప్రశ్న.

అయితే ఇంట్లో గాజు, పాకే బిడ్డ ఉన్నప్పుడు జాగ్రత్త తప్పదు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు అది. అద్దాలను మూత ఉన్న డబ్బాలో పైన పెట్టేదాన్ని. లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి పెట్టేదాన్ని. పదునైన అంచులు రాయి మీద అరగదీసేదాన్ని. నేల తడిగుడ్డతో తుడిచాకే పాపను కిందికి దింపేదాన్ని.

"నీకెంత ఓపికమ్మా" అని చాలామంది మెచ్చుకున్నారు. ఓపిక ఒక్కటే నన్ను పరీక్ష హాలు దాకా తీసుకుపోలేదు. పరీక్షలప్పుడు యాడి మూడు వారాలు పనికి పోకుండా మా ఇంట్లో ఉండి పాపను చూసుకుంది. ఆమె పోగొట్టుకున్న కూలి కూడా నా బీఎడ్ ఖర్చే. పొద్దున పాపకు స్నానం చేయించి, అన్నం తినిపించింది మా ఆయన.

ఇంటర్ తర్వాత పెళ్లయి, బిడ్డనెత్తుకుని నా దగ్గరికి వచ్చే పాత విద్యార్థినులు ఉన్నారు. "మేడం, మళ్లీ చదవొచ్చా?" అని అడుగుతారు. చదవొచ్చు. కానీ ముందే లెక్క చూసుకోవాలి. బీఎడ్ ఇప్పుడు రెండేళ్లు. తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు కావాలి. విద్యార్థినులకు ప్రసూతి సమయంలో హాజరు సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోవాలని 2021 డిసెంబర్‌లో యూజీసీ యూనివర్సిటీలను కోరింది. మీ కాలేజీలో ఆ నిబంధన ఉందా అని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటతో "కుదరదు" అంటే తిరిగి రాకండి.

అంగన్‌వాడీలో ఆటపాటల చదువు మూడేళ్ల నుంచి మొదలవుతుంది. అంతకంటే చిన్నబిడ్డ ఉన్న తల్లే చదువు మధ్యలో ఆపేస్తుంది. ఆ రెండు మూడేళ్లు ఇంటివాళ్లు, తండావాళ్లు నిలబడాలి. తమ్ముళ్లూ, ఈ మాట మీకే. వదిన పరీక్షకు పోతుంటే బిడ్డను ఎత్తుకోవడం మగతనానికి తక్కువ కాదు. పద్దెనిమిది నిండని చెల్లెలికి సంబంధం చూస్తుంటే మొదట అడ్డం చెప్పాల్సింది కూడా మీరే.

ఇక కుట్టు విలువ. పొరుగున కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023లో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా మన ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. మీ కుట్టుకు ధర చెప్పేటప్పుడు అద్దం, దారం ఖరీదుతో ఆపకండి. మీ గంటలకు కూడా కూలి కట్టండి.

చెల్లెళ్లూ, బిడ్డ పుట్టిందని పుస్తకం అటక మీద పెట్టకండి. ఈ సంవత్సరం మీ తండాలో చదువు ఆపిన ఒక్క తల్లి పేరు రాసుకుని, ఆమె ఫీజు తేదీ, పరీక్ష తేదీ కనుక్కుని, ఆ రోజుల్లో బిడ్డను ఎవరు చూస్తారో తేల్చుకోండి.