పాలసీ భాషలో 'ఎమర్జెన్సీ' అంటే ఏంటి?

అర్ధరాత్రి నాన్నకి ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. ఆ టైంలో పాలసీ కాగితాలు ఎవరూ తియ్యరు, తియ్యక్కర్లేదు కూడా. అందుకే ఇవాళే ఒకసారి తీద్దాం.

మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల్లో వాడే 'ఎమర్జెన్సీ కేర్' అనే మాటకి ఐఆర్‌డీఏఐ ఒకే నిర్వచనం ఇచ్చింది. అందులో మూడు ముక్కలున్నాయి. ఒకటి, లక్షణాలు హఠాత్తుగా, అనుకోకుండా రావాలి. రెండు, వెంటనే డాక్టర్ చూడాల్సిన పరిస్థితి అయ్యుండాలి. మూడు, ఆ వైద్యం ప్రాణం పోకుండా, లేదా ఆరోగ్యం చాలాకాలం తీవ్రంగా దెబ్బతినకుండా ఆపడానికి చేసింది కావాలి.

గమనించారా? మనం ఎంత భయపడ్డాం అన్నది ఇందులో లేదు. ఆర్నెల్లుగా ఉన్న మోకాలి నొప్పి ఈరోజు ఎక్కువైతే మనకి అది అర్జెంటే. కానీ ఈ నిర్వచనంలో ఇమడటం కష్టం.

కాబట్టి నొప్పి ఎన్నింటికి, ఎలా మొదలైందో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. కేస్ షీట్‌లోకి ఎక్కేది అదే, క్లెయిమ్ చూసేవాళ్లు చదివేదీ అదే.

దీన్నిబట్టి గడువు కూడా మారుతుంది. ఆరోగ్య సంజీవని పాలసీలో ముందే అనుకున్న ఆపరేషన్ అయితే చేరడానికి 48 గంటల ముందే చెప్పాలి. ఎమర్జెన్సీ అయితే చేరిన 24 గంటల్లోపు, లేదా డిశ్చార్జ్‌కి ముందు, ఏది ముందైతే అది. మీ పాలసీలో ఎంతుందో చూసుకోండి.

ముందు 108కి ఫోన్, తర్వాతే బీమా వాళ్లకి. పాలసీ నంబర్ మాత్రం ఇప్పుడే ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేసేయండి. ఉంటా మరి!