టెండరు వేసేముందు ట్యాంకు చూడండి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేపపువ్వు లేనిదే ఉగాది పచ్చడి కాదు. కనుక మా వృత్తిలోని చేదును కూడా కొంత మనవి చేస్తాము. పెట్రోలు బంకుల్లో పంపులు, పైపులు, భూమిలోని ట్యాంకులు మరమ్మతు చేసి బ్రతికే చిన్న కాంట్రాక్టర్లము మేము. పొట్టచేతబట్టుకుని ఈ మహారాష్ట్రకు వచ్చిన మన కుటుంబాల పిల్లలు కొందరు ఇప్పుడు ఈ పనిలోకి దిగుతున్నారు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

ప్రభుత్వపు టెండర్లు నేడు కంప్యూటరు మీదనే వేయాలి. 2016లో వచ్చిన ‘జెమ్’లో కొన్ని, ఆయా శాఖల పోర్టళ్లలో కొన్ని వస్తూ ఉంటవి. ధరావత్తు సాధారణంగా అంచనా విలువలో నూటికి 2 నుండి 5 వరకు ఉంటుంది. ఉద్యమ్ నమోదు గల చిన్న సంస్థలకు చాలాచోట్ల మినహాయింపు కలదు. అది ఏ పనికి వర్తిస్తుందో షరతులలో చూసుకోవాలి. తరచుగా రెండు భాగాలు అడుగుతారు. మొదటిది అర్హత, అనుభవము, రెండవది ధర. మొదటిదానిలో కాగితం తక్కువైతే రెండవది తెరవకపోవచ్చును. అర్హులైనవారిలో తక్కువ ధర వేసినవారికే సాధారణంగా పని దక్కుతుంది. చిక్కంతా అక్కడే ఉన్నది.

మా తొలి టెండరు ఒక ప్రభుత్వ వాహనాల డిపోలోని పెట్రోలు ట్యాంకుది. స్థలం చూడకుండా ఇంట్లో కూర్చుని రేటు వేశాము. పని మాకే వచ్చింది. మిఠాయిలు పంచాము. తరువాత షరతులు తీరికగా చదివితే, ట్యాంకు ఖాళీ చేయడం, అడుగు మడ్డి తీసి నియమప్రకారం పంపడం, ఆవిరి పరీక్ష అన్నీ మా రేటులోనివే! వాటికి మేము పైసా కూడా వేసుకోలేదు.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. మూత తీసినా అడుగునే నిలుస్తుంది. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. తగలకపోయినా ఊపిరి తీస్తుంది. అందుకే ట్యాంకును శుద్ధిచేసి, తెలిసినవారు పరికరంతో పరీక్షించి, కాగితంమీద వ్రాసి ఇవ్వనిదే లోపలికి దిగరాదు, వెల్డింగు చేయరాదు. ఇందుకు 2002 నాటి పెట్రోలియం నియమాలు ఉన్నవి. వాటిని చూసే పెసో సంస్థ ప్రధాన కార్యాలయం మన నాగపూరులోనే కలదు.

మావద్ద శ్రీకాకుళం వైపు కుర్రవాడొకడు ఉండేవాడు. మా ముఖాలు చూసి, “పది నిమిషాల పని బాబూ! ముక్కుకు గుడ్డ కట్టుకుని దిగిపోతాను,” అన్నాడు. ఒక్క నిమిషం మేము కాదనలేదు. ఆ మౌనానికి నేటికీ సిగ్గుపడుతున్నాము. అంతలో అతనిని రైలెక్కిస్తూ, “పిల్లవాణ్ణి చూసుకోండి నాయనా,” అన్న తల్లి జ్ఞాపకం వచ్చింది. దింపలేదు. పరీక్ష చేయించాము. లాభం పోయింది, ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్లింది. ఆ కుర్రవాడు నేడు మాకు మేస్త్రీ.

కనుక తమ్ముళ్లారా, స్థలం చూడండి. సందేహాలు టెండరుకు ముందే వ్రాసి అడగండి. పరీక్ష, భీమా, కూలి అన్నీ కలిపాకనే ధర కట్టండి. మీ ధర ఎక్కువై పని పోతే పోనివ్వండి. మరొక టెండరు వస్తుంది. మనల్ని నమ్మి ఊరు విడిచి వచ్చిన మనిషి మాత్రం మళ్లీ రాడు.

ఈ క్రొత్త సంవత్సరము మీ ఇళ్లకు, మీ పనివారి ఇళ్లకు కూడా శుభము కలిగించుగాక!