ఊరి పద్దులో చెట్టూ చెరువూ

(స్మారకోపన్యాసం పాఠం)



ఈ రోజు మనం తలుచుకుంటున్న సారు ఉద్యోగమంతా పంచాయతీల లెక్కలు తనిఖీ చేయడంలోనే గడిచింది. ఊళ్లోకి పోగానే క్యాష్‌బుక్ అడిగేవారు. అది చూశాక చెరువు కట్ట మీదికి నడిచేవారు. పద్దులో రాసిందీ కట్ట మీద కనబడేదీ కలిస్తేనే సంతకం చేసేవారు. ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు ఇంటివాళ్లు ఒక్కటే కోరారు: పొగడ్తలు వద్దు, ఆయన పట్టించుకున్న సంగతే మాట్లాడండి అని. అందుకని ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఊరి చెట్టుకూ చెరువుకూ అడవికీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతిలో ఉంది, ఎక్కడ ఆగింది అన్న చరిత్రను మీ ముందు పెడతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పని మొదలుపెట్టడానికి డబ్బు దాదాపు అన్ని కాలాల్లోనూ దొరికింది. చేసిన పనిని ఏటేటా చూసుకునే డబ్బు మాత్రం ఊరి చేతికి రాలేదు. ఒకప్పుడు ఉన్న ఏర్పాటు కూడా పోయింది.

ఆ పాత ఏర్పాటుతోనే మొదలుపెడదాం. 1905 దాకా మన కరీంనగర్ జిల్లా పేరు ఎలగందుల. ఆదిలాబాదు సిర్పూర్-తాండూర్ పేరుతో ఉపజిల్లాగా ఉండి, అదే ఏడు పూర్తి జిల్లా అయింది. ఆ కాలంలో చెరువు తవ్వించినవాడికో తెగిన కట్ట పోయించినవాడికో ఆ చెరువు కింది భూమిలో కొంత శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చేవారు. దానికి షరతు, కట్టనూ తూమునూ ఏటా చూసుకోవడం. దాన్ని దస్త్‌బంద్ ఇనాం అన్నారు. మరమ్మతు ఖర్చు ఎక్కడో ఖజానాలో లేదు, ఆ చెరువు నీళ్లతో పండే పొలంలోనే ఉంది. చెరువు ఎండితే చూసుకునేవాడి గింజలూ పోయినట్టే.

ఇక నీరటి. మనలో యాభై దాటినవాళ్లకు ఆ మనిషి గుర్తుంటాడు. వానాకాలం రాత్రి మత్తడి దుంకుతుంటే ఊరంతా ఇళ్లల్లో ఉండగా కట్ట మీద ఉండేది ఆయనే. తూము మూత తీయాలంటే రొమ్ముదాకా నీళ్లలోకి దిగాలి. ఏ మడికి ఎన్ని గంటలు నీళ్లు పారాలో, ఆయకట్టు చివరి రైతుకు ఎప్పుడు వంతు వస్తుందో ఆయనకు నోటికి వచ్చు. ఈ పనికి కొంత ఇనాం భూమి ఉండేది, పంటకోతప్పుడు కల్లం దగ్గర ఇంత ధాన్యం ముట్టేది. ఆ పని చేసినవాళ్లు ఎక్కువమంది దళితులు. ఆ ధాన్యంతోపాటు వెట్టి చాకిరీ, దొర గడి ముందు చేతులు కట్టుకుని నిలబడటం కూడా వాళ్ల పాలబడింది. ఆ కాలం మళ్లీ రావాలని కోరేవాళ్లెవరూ ఈ సభలో లేరు. కాని వెట్టిని తీసేసేటప్పుడు ఆ పనికి సరైన జీతం పెట్టి నిలపవలసింది, పనినే వదిలేశాం. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది, ఎనభైల నడుమ పటేల్, పట్వారీ పదవులు పోయాయి. నీరటి మస్కూరి, సేత్‌సింధి లాంటి ఇతర ఊరి సేవకులతో కలిసి తహశీల్ ఆఫీసు కిందికి చేరి, గ్రామ రెవెన్యూ సహాయకుడు (వీఆర్‌ఏ) అయ్యాడు. మత్తడి దగ్గర ఉండవలసిన మనిషి సర్టిఫికెట్ విచారణలకూ బందోబస్తులకూ తిరిగాడు. 2023లో ఆ వీఆర్‌ఏలను కూడా వేర్వేరు శాఖల్లో సర్దారు. వాళ్లకు పేస్కేలు రావడం న్యాయమే, ఎన్నో ఏళ్లు కొట్లాడి సాధించుకున్నారు. అయితే ఊరి చెరువును తన పనిగా చూసుకునే మనిషి పేరు ఇప్పుడు ఏ ఊరి పద్దులోనూ లేదు.

నిజాం కాలంలోనే మరో దారి కూడా తెరిచారు. భూమి శిస్తు మీద రూపాయికి అణా చొప్పున స్థానిక సెస్సు వసూలు చేసి జిల్లా, తాలూకా బోర్డులు పెట్టారు. ఊరి దగ్గర వసూలైన అణా బోర్డుకు పోయేది, బోర్డులో మాట అధికారులది. ఊరి పైసను పైన పోగుచేసి మళ్లీ కిందికి పంచే పద్ధతికి మన ప్రాంతంలో అదే మొదలు. ఇవాళ్టికీ అది పూర్తిగా మారలేదు.

ఆదిలాబాదు కథ వేరు. అక్కడ గోండు, కొలాం గూడేలకు అడవే చెరువూ, పొలమూ. రిజర్వు గీతలు గీసి పోడు చేసుకునేవాళ్లను వెళ్లగొట్టినప్పుడు కుమ్రం భీం తిరగబడ్డాడు, 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చాడు. తరువాతే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది, మార్లవాయిలో బడి తెరిచారు, కొందరికి పట్టాలు వచ్చాయి. అదే నలభైల్లో కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు నడవడం మొదలైంది, దానికి వెదురు ఆ అడవి నుంచే పోయింది. అడవి వల్ల ఆదాయం అప్పుడూ ఉంది. అందులో గూడేనికి వచ్చింది కూలి మాత్రమే.

ఇక 1994. ఆ ఏడు కేంద్ర ప్రభుత్వానికి కరువు ప్రాంతాల మీద ఒక నివేదిక అందింది. దాన్ని తయారుచేసిన సంఘానికి అధ్యక్షులు మన కరీంనగర్ జిల్లా బిడ్డ, ఆర్థికవేత్త చెన్నమనేని హనుమంతరావు గారు. ఆ నివేదిక ఆధారంగా 1995లో వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు ఈ చరిత్రలో పెద్ద మలుపని నేననుకుంటాను. ఒక్కో వాటర్‌షెడ్ సుమారు 500 హెక్టార్లు, హెక్టారుకు 4,000 రూపాయలు, అంటే ఒక పల్లెకు దాదాపు 20 లక్షలు. అప్పట్లో అది చిన్న డబ్బు కాదు. ఆ డబ్బు కాంట్రాక్టరుకూ డివిజన్ ఆఫీసుకూ పోకుండా, ఊరివాళ్లు ఎన్నుకున్న వాటర్‌షెడ్ కమిటీ ఖాతాలో పడాలన్నారు. ఎక్కడ రాతికట్ట వేయాలి, ఎక్కడ ఊటకుంట తవ్వాలి అన్నది ఊరే తేల్చుకోవాలి. లాభపడే రైతు కొంత వాటా కట్టాలి. ఆ వాటా ఒక నిధిగా పోగై, ప్రాజెక్టు ముగిశాక మరమ్మతులకు పనికిరావాలి. దస్త్‌బంద్‌లోని మంచిని దొరతనం లేకుండా మళ్లీ తెచ్చే ప్రయత్నంగా నేను దాన్ని చదువుకుంటాను. గింజలతో జరిగింది బ్యాంకు ఖాతాతో జరగాలని ఆశ.

జరిగిందేమిటి? చాలా ఊళ్లలో రైతు వాటాను కూలి లెక్కలోనే కోసేసి జమ చేశారు. రైతుకు తాను వాటా ఇచ్చినట్టే తెలియలేదు. ప్రాజెక్టు పూర్తయ్యాక నిధి బ్యాంకులో పడి ఉంది. దాన్ని తీయడానికి ఎవరు సంతకం పెట్టాలో తేలక చెక్‌డ్యాం పక్క గోడ కూలినా పైసా కదలని ఊళ్లు సారు తనిఖీల్లో ఎన్నో ఎదురయ్యాయి. 2003లో హరియాలీ పేరుతో ఈ పనులు పంచాయతీలకు ఇచ్చారు, 2008లో మళ్లీ మార్గదర్శకాలు మార్చారు. జన్మభూమి, నీరు-మీరు అన్న రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమాలు కూడా ఈ నడుమనే వచ్చిపోయాయి. వాటి గురించి మీకు నాకన్నా ఎక్కువ తెలుసు.

అడవిలో ఇదే కాలంలో వనసంరక్షణ సమితులు పుట్టాయి. 1992లో రాష్ట్ర ఉత్తర్వు వచ్చింది, ప్రపంచ బ్యాంకు అప్పు తోడైంది. జన్నారం వైపు బెహ్రూన్‌గూడ లాంటి ఊళ్లు టేకు అడవిని కాపాడి పేరు తెచ్చుకున్నాయి. సమితికి ఖాతా ఉండేది, కాని అది ఉమ్మడి ఖాతా. అధ్యక్షుడితోపాటు అటవీ ఉద్యోగి సంతకం పడాలి. ప్రాజెక్టు డబ్బు ఆగిపోగానే ఎక్కువ సమితులు పేరుకే మిగిలాయి. అటవీ హక్కుల చట్టం 2006లో సామూహిక వనరుల మీద హక్కు గ్రామసభకు ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ హక్కు పత్రాలను గ్రామసభకు కాకుండా ఇవే సమితుల పేర రాసిన చోట్లు ఉన్నాయి. చట్టం గూడేనికి ఇచ్చినదాన్ని కాగితం అటవీ శాఖ నీడలోకి తీసుకుపోయింది. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, దాచుకోను.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాల్లో చిన్ననీటి వనరులు, వాటర్‌షెడ్, సామాజిక అడవులు అన్నీ రాశారు. అంశాలు రాసినంత ధారాళంగా డబ్బు రాలేదు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఉన్నాయి. ఊరి కుంటలో పూడిక తీయడానికి, కందకాలు తవ్వడానికి అంత కూలి డబ్బు మన పల్లెలకు అంతకుముందెన్నడూ రాలేదు.

తెలంగాణ వచ్చాక 2015 మార్చిలో మిషన్ కాకతీయ, జులైలో మొక్కలు నాటే హరితహారం మొదలయ్యాయి. కాకతీయలో పూడిక తీసింది ప్రభుత్వం, ఆ మట్టిని సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకుంది రైతులు. ఎండాకాలం మధ్యాహ్నం శిఖంలో ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, మా మట్టి ముందు నింపండని ఆడవాళ్లు జేసీబీ దగ్గర వాదులాడుతుంటే చూసినవాళ్లకు ఊరు ఈ పనిని తనదనుకుందని తెలుస్తుంది. అంత ఉత్సాహం ఉన్నప్పుడే కట్ట మీద తుమ్మలు కొట్టడానికీ తూము తలుపుకు గ్రీజు పెట్టడానికీ పంచాయతీకి ఏటా కొంత ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది!

2018 పంచాయతీరాజ్ చట్టం ఆ దిశలో నిజమైన అడుగు వేసింది. ప్రతి పంచాయతీ తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. ప్రతి ఊరికీ నర్సరీ ఉండాలి. నాటినవాటిలో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబుదారులు. మున్సిపాలిటీలకు కూడా 2019 చట్టంలో ఇదే 10 శాతం. 2019 సెప్టెంబరు నుంచి పల్లె ప్రగతి పేరుతో ఊరూరా ట్రాక్టరు, ట్యాంకరు, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం వచ్చాయి. చెక్కు మీద సర్పంచి, ఉపసర్పంచి సంతకాలు చాలన్నారు. ఇంత స్పష్టంగా ఊరి డబ్బులో చెట్టుకు వాటా రాసిన చట్టం మన ప్రాంతంలో ఇదే మొదటిది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 20 లక్షలు వచ్చే చిన్న పంచాయతీ అనుకోండి. పదో వంతు 2 లక్షలు. నర్సరీకి సంచులు, విత్తనాలు, షేడ్‌నెట్టు. రోడ్డు పక్క మొక్కలకు ముళ్లకంప, కట్టెలు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ట్యాంకరుతో నీళ్లు పోయాలి. దానికి డీజిలు, డ్రైవరు జీతం, ట్రాక్టరు అప్పు కిస్తీ. ఏప్రిల్ నెలలో ఏ ఊరికైనా పోయి చూడండి. పొద్దున ఆరింటికి పంచాయతీ కార్మికురాలు పైపు పట్టుకుని ట్యాంకరు వెనకాల నడుస్తుంటుంది, ఒక్కో మొక్క దగ్గర పది లెక్కపెట్టి ముందుకు కదులుతుంది. ట్యాంకరు ఖాళీ అయ్యేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. ఆ మొక్క బతకడం ఆ నీళ్ల మీద, ఆమె జీతం మీద, డీజిలు బంకులో ఉద్దెర దొరకడం మీద ఆధారపడి ఉంది. చట్టం శిక్ష రాసినంత వివరంగా ఈ ఖర్చు రాయలేదు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, పారిశుద్ధ్యానికే కట్టిపడేశారు. మిగిలినదాంట్లోనే కరెంటు బిల్లు, మొక్కలు. పని చేయించి బిల్లు రాక అప్పులపాలైన సర్పంచులు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ హాల్లోనే కూర్చున్నారు.

2024 ఫిబ్రవరి మొదట్లో పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగేదాకా దాదాపు రెండేళ్లు ఊరి పద్దు నడిపిన తీరు మీరే చూశారు. మూడేళ్ల మొక్కకు రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అయినా దారి చూపిన ఊళ్లున్నాయి. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలం ముక్రా-కె గురించి మీరు వినే ఉంటారు. గాడ్గె మీనాక్షి గారు సర్పంచిగా ఉన్నప్పుడు ఇళ్ల తడిచెత్తనూ పేడనూ కంపోస్టు షెడ్డులో వానపాములతో ఎరువు చేయించి అమ్మారు. ఆ డబ్బుతో సోలార్ పలకలు పెట్టించి కరెంటు ఖర్చు తగ్గించారు. దీంట్లో నాకు ముఖ్యంగా కనబడేది, ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి ఆ ఊరు పైవాళ్ల విడుదల కోసం ఎదురుచూడనక్కర లేకపోవడం. పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలం సుల్తాన్‌పూర్ 2023లో పచ్చదనం, పరిశుభ్రత విభాగంలో జాతీయ పంచాయతీ పురస్కారం తెచ్చుకుంది. అయితే అన్ని ఊళ్లూ ఎరువు అమ్మి బతకలేవు. రామగుండం, మంచిర్యాల బొగ్గు గనుల దుమ్ము పడే ఊళ్లకు, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ కోసి గుట్టలు కరిగిపోయిన ఊళ్లకు జిల్లా ఖనిజ నిధిలో వాటా ఉండాలని 2015 నుంచి చట్టమే చెప్తోంది. ఆ నిధి కలెక్టరేటులో ఉంటుంది. దుమ్ము ఊళ్లో పడుతుంది.

కొత్తగా ఎన్నికైన సర్పంచులు, వార్డు సభ్యులు చాలామంది వచ్చారు గనుక వాళ్లను నేరుగా అడుగుతున్నాను. మీ బడ్జెట్‌లో పచ్చదనం 10 శాతాన్ని ఒకే వరుసగా రాయకండి. కొత్తగా నాటేవాటికి ఎంత, ఇంతకుముందు నాటినవాటి నీళ్లకూ కావలికీ ఎంత అని విడిగా రాయించండి. చట్టం మొక్కల మీద ఒక స్థాయీ సంఘం పెట్టమంది, రెండు నెలలకోసారి గ్రామసభ జరపమంది. ఆ సంఘంలో ఎవరున్నారో గ్రామసభలో చదివి వినిపించండి. చెరువు ఇరిగేషన్ శాఖదే అయినా, మత్తడి దగ్గర ఒక మనిషిని పెట్టి జీతం ఇచ్చే అధికారం పంచాయతీకి కావాలని తీర్మానం చేసి పంపండి. ఒక ఊరి తీర్మానం ఫైల్లో పోతుంది, మండలంలోని అన్ని ఊళ్లూ పంపితే జవాబు రాక తప్పదు.

అధ్యక్షులవారిని ఒకటి కోరుతున్నాను. చర్చ మొదలుపెట్టేటప్పుడు నాలాంటివాళ్లకన్నా ముందు, బాధ్యతలు తీసుకున్న రోజు క్యాష్‌బుక్‌లో ఎంత మిగిలి ఉందో, ట్రాక్టరు కిస్తీలు ఎన్ని బాకీ ఉన్నాయో చెప్పగలిగిన సర్పంచులకు మైకు ఇవ్వండి.