ఆపదవేళ ఆపరేటరు

సాయంకాలము నాంపల్లి స్టేషను ఎదుట కొంతసేపు నిలిచి చూచినచో, ఎన్ని ఊళ్ల మనుష్యులు ఎన్ని పనుల మీద ఈ నగరమునకు వచ్చుచున్నారో తెలియును. రైలు దిగినవారిలో కొందరు ఆస్పత్రికి, కొందరు కోర్టుకు పోవుదురు. మరి కొందరు చేత ప్లాస్టిక్ సంచి పట్టుకొని ఆబిడ్స్ వైపు నడతురు. ఆ సంచిలో పాస్‌పోర్టు, నాలుగు ఫొటోలు, ఒక డ్రైవింగు లైసెన్సు ఉండును. ముఅజ్జం జాహీ మార్కెట్టు నుండి నాంపల్లికి వచ్చు దారిలోని గృహకల్ప భవనమున, విదేశములకు పోవు శ్రామికుల రక్షణాధికారి కార్యాలయము ఒకప్పుడుండెడిది. అందుచేత ఈ వీధులకును, దూరదేశపు పనులకును చుట్టరికము పాతది.

2024 సెప్టెంబరులో ఒకనాడు సైఫాబాదులోని మా కేంద్రము నుండి ఇంటికి పోవుచు, నాంపల్లిలో ఒక ఇరానీ హోటలున టీకి ఆగితిని. నా బల్లకు ఎదురుగా కూర్చుండిన యువకుడు నిజామాబాదు జిల్లావాడు, ప్రొక్లెయినర్ ఆపరేటరు. నేను రేడియోవాడనని తెలిసి, తన సంకటమును నా ముందు పెట్టెను.

"సార్, దోస్తు ఒకడు ఖమ్మం రమ్మంటుండు. ఇండ్లల్ల బురద ఎత్తాలె, పైసలు అడగొద్దు అంటుండు. ఏజెంటేమో సముద్రం అవతల వరదకు కొట్టుకపోయిన ఊరు మల్ల కడుతున్నరు, ఇక్కడి జీతానికి మూడింతలు ఇస్తరు, వారంల విమానం ఎక్కాలె అంటుండు. ఖమ్మం పోకుంటే పాపమా? అక్కడికి పోతే తప్పా?"

నాకు తోచినదేదో చెప్పి పంపితిని. అది అరకొర సమాధానమని ఇంటికి చేరక మునుపే తెలిసినది. మిగిలిన సగము నేడు మీతో చెప్పుకొందును.

ఆ ఖమ్మము కథ మీకు జ్ఞాపకముండును. 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి, ప్రకాశనగర్ వంతెనపై తొమ్మిది మంది చిక్కుకొనిరి. వాతావరణము బాగుగా లేక హెలికాప్టరు రాలేదు. అప్పుడు ఒక జేసీబీ ఆపరేటరు తన బండిని నీటిలోనికి నడిపి, ఆ తొమ్మిది మందిని ఒడ్డునకు చేర్చెను. అతడు ఖమ్మమువాడు కాడు. పొట్టకూటికై హర్యానా నుండి వచ్చినవాడు. సేవ చేయుదమని బయలుదేరి వచ్చినవాడును కాడు. పని కొరకు వచ్చెను, ఆపద సమయమునకు అచ్చట నుండెను, చేతిలో యంత్రముండెను, గుండెలో ధైర్యముండెను. కాబట్టి డబ్బు కొరకు ఊరు విడుచువాడు వేరు, సేవ చేయువాడు వేరు అని గీత గీయుట సరికాదు.

అయితే ఇందు మరియొక పాఠము కూడ కలదు. జేసీబీ ఏడెనిమిది టన్నుల బండి. పడవ నిలువలేని వడిలో అది కొంతవరకు నిలువగలదు. ఇంజనుకు గాలి పోవు మార్గము నీటికి పైన నున్నంత వరకే దానికి ప్రాణము. టైరు క్రింది నేల కోసుకొనిపోయినచో ఆ బరువే శత్రువగును. ఆ కొలతలన్నియు ఒక క్షణములో చేతివ్రేళ్లకు తెలియవలెను. నాలుగు నెలలు చెరువు పూడిక తీసినంత మాత్రమున ఈ తెలివి రాదు.

కూలిన ఇంటి వద్ద సంగతి మరింత సున్నితము. శిథిలములలో పలకలు, దూలములు ఒకదానిపై నొకటి ఆనుకొని, నడుమ చిన్న చిన్న ఖాళీలు మిగులును. ప్రాణముతో నున్నవారు సాధారణముగా ఆ ఖాళీలలోనే ఉందురు. ఇరువది టన్నుల ప్రొక్లెయినర్ ఆ కుప్పపైకి ఎక్కినచో, లేక తొందరపడి ఒక దూలమును లాగినచో, ఆ ఖాళీ మూసికొనిపోవును. అందుచేతనే శిక్షణ పొందిన దళములు నడుమ నడుమ యంత్రములన్నియు ఆపించి, మూలుగు వినబడునేమోనని చెవియొగ్గి వినుదురు. ఆ నిశ్శబ్దమును పాటింపని ఆపరేటరు ఎంత మంచి మనసుతో వచ్చినను కీడే చేయును. కనుక ఎవరును పిలువకుండ, ఎవరి ఆజ్ఞకును లోబడకుండ, బండి వేసికొని పరుగెత్తుట సేవ కాదు.

ఇక డబ్బు మాట. సేవ అనగానే ఉచితముగా చేయవలెనని మనము ఊహింతుము. ఇది నిజమా? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరములో వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. అప్పుడాయన ఐరోపా పర్యటనలో నుండెను. పిలుపు వచ్చెను, నియామకము జరిగెను, ఆయన వచ్చి 1909లో పని చేసెను. దాని ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. ఆయన జీతము తీసికొని చేసినంత మాత్రమున ఆ ఉపకారము తగ్గినదా? సింగరేణి గనుల రక్షకదళమువారు జీతగాండ్రే. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలినప్పుడు సైన్యముతో పాటు వారును ఆ బురదలోనికి దిగిరి. లోపల చిక్కుకొనిన ఎనిమిది మందియు బ్రతుకుతెరువునకై ఇతర రాష్ట్రముల నుండి మన గడ్డకు వచ్చినవారే. మార్చి 9న మొట్టమొదట దొరికిన దేహము పంజాబు నుండి వచ్చిన ఒక యంత్రపు ఆపరేటరుది.

మెచ్చుకోలు ఒక్కటే కడుపు నింపదనుటకు ఇంకొక నిదర్శనము చెప్పెదను. 2023 నవంబరులో ఉత్తరాఖండములోని సిల్క్‌యారా సొరంగమున 41 మంది చిక్కుకొనగా, పెద్ద యంత్రము విరిగిపోయిన తరువాత, చేతులతో త్రవ్వి దారి చేసిన పనివారిని దేశమంతయు కొనియాడినది. తలకు 50,000 రూపాయల చెక్కు ఇచ్చిరి. మూడు నెలలైనను తిరుగకముందే, 2024 ఫిబ్రవరిలో, వారిలో ఒకరి ఇంటిని ఆక్రమణమని చెప్పి ఢిల్లీలో కూల్చివేసిరి. చప్పట్లు ఎంత త్వరగా చల్లారునో దీనివలన తెలియుచున్నది.

కాబట్టి నా అభిప్రాయమిది. కన్నుల యెదుట మనిషి కొట్టుకొనిపోవుచున్న గడియలో బండిని కదలించుట దానము. దానికి లెక్క అడుగువాడుండడు. కాని ముప్పదవ దినమున బురద ఎత్తుట పని. దానికి కూలి ఇవ్వవలెను. బండి యజమానిది, డీజిలు డబ్బుపెట్టి కొన్నది, ఆపరేటరు ఇంట పొయ్యి ప్రతిదినము వెలుగవలెను. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము అధికారులకు ఆపదవేళ వాహనములను తీసికొను హక్కు ఇచ్చి, దానికి పరిహారము చెల్లింపవలెనని కూడ చెప్పుచున్నది. ప్రభుత్వమే చెల్లింపదలచినదానిని మనము పేదవాని వద్ద ఉచితముగా కోరుట న్యాయమా? సేవ చేయగోరు యువకులు ముందుగానే ఆపదమిత్ర వంటి పథకములలో శిక్షణ పొంది పేరు వ్రాయించుకొనుట మేలు. గాయపడినచో ఎవరు బాధ్యులో అప్పుడు తెలిసియుండును.

ఇక సముద్రము దాటు మాట. పరదేశములో విపత్తు సంభవించినప్పుడు మొదటి దినముల సహాయము ప్రభుత్వముల మధ్య జరుగు కార్యము. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపమునకు మన జాతీయ దళములు విమానములలో పోయినవి. ఆ దేశము ఒప్పుకొనగా పోయినవి. 2015 ఏప్రిల్‌లో నేపాలు కంపించినప్పుడు ఎన్నో దేశముల దళములు వచ్చినవి. మే మొదటి వారములోనే ఆ ప్రభుత్వము విదేశీ రక్షకులను ఇక తిరిగి వెళ్లుడని కోరినది. కాబట్టి ఒంటరిగా టికెట్టు కొనుక్కొని సేవకై పోవు ఆపరేటరునకు అచ్చట స్థానము లేదు. తరువాత మిగులునది కట్టుబడి పని. అది సంవత్సరములు సాగును. దానికి పోవుట తప్పు కాదు, పాపమును కాదు. ఊరు మరల లేచుటకు ఆ చేతులును కావలెను. కాని అది ఉద్యోగము. ఉద్యోగమునకు కాగితము కావలెను.

ఆ కాగితముల విషయము ఇంటింట తెలిసియుండుట మంచిది. పదవ తరగతి గట్టెక్కనివారు గల్ఫు దేశములు, లిబియా, ఇరాకు మొదలగు 18 దేశములకు పనికై పోవునప్పుడు ప్రభుత్వపు అనుమతి పొందవలెనని 1983 నాటి చట్టము క్రింద ఏర్పాటున్నది. అట్లు పోవువారికి పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కలదు. నమోదైన ఏజెంటు తన సేవకు తీసికొనదగినది, పన్ను గాక, 30,000 రూపాయలు. పర్యటన వీసా మీద పంపెదనన్నవాడు ఈ రక్షణలన్నిటిని ఒక్కమాటతో తుడిచివేయుచున్నాడు. విపత్తు జరిగిన దేశములో ఆస్పత్రులు, కచేరీలు, రోడ్లు అన్నియు చెదరియుండును. అట్టి చోట జీతము ఆగినను, కాలు విరిగినను మొర వినువాడు దొరకుట కష్టము. మూడింతల జీతమనునది ఆ కష్టమునకు కట్టిన వెల అని గుర్తింపవలెను.

ఆ నాటి యువకుడు నెల తరువాత ఫోను చేసెను. ఏజెంటును ఒప్పందపు కాగితము చూపుమని అడిగినాడట. "రేపు, ఎల్లుండి అనుకుంట తిప్పిండు సార్. పేపరు లేకుంటె పైసలియ్యనన్న. గంతె, ఫోను ఎత్తుడే బందు పెట్టిండు." ఖమ్మమునకు మాత్రము పోయెనట. పోవునపుడు యజమానిని అడిగి, డీజిలు ఎవరు పోయుదురో, ఎవరి మాట వినవలెనో తేల్చుకొని పోయెను. పది దినములు బురద ఎత్తెను. యజమాని సగము భత్యము ఇచ్చెను. "ఒక ముసలమ్మ ఇంట్ల బియ్యం డబ్బ బురదల దొరికింది సార్. మూత తీస్తె లోపల బియ్యం మంచిగనే ఉన్నయి. నాకు అన్నం వండి పెట్టింది" అని చెప్పెను.

ఇంకను విదేశమునకు పోవలెననియే అతని కోరిక. చెల్లెలి పెండ్లి అప్పు ఉన్నది. ఈమారు నమోదైన ఏజెంటు ద్వారా, కాగితము చేతికి వచ్చిన తరువాతనే డబ్బు కట్టెదనని చెప్పెను. వద్దనుటకు నేనెవరిని?

మీ ఇంటిలోగాని, మీ పొరుగింటిలోగాని ఇట్టి పనిమంతుడైన పిల్లవాడుండవచ్చును. దూరపు ఊరి నుండి పిలుపు వచ్చినపుడు, అది సేవకైనను సరే, జీతమునకైనను సరే, అతనిని రెండు ప్రశ్నలు అడుగుడు: "నిన్ను పిలిచినదెవరు? నీకేమైన జరిగినచో మాకు చెప్పునదెవరు?" ఈ రెండింటికి పేరుతో సహా జవాబు వచ్చినప్పుడు సంచి సర్ది పంపుడు.